వడ్డీ సాగులో మెళకువలు

వ్యవసాయ పత్రిక ఏది తిరగేసినా మిరప సాగులో మెళకువలు, మునగ సాగులో మెళకువలు అంటూ పేజీలకు పేజీలు కనపడతాయి. తెలుగునాట ఇప్పుడు ఇంటింటా ఏపుగా పెరుగుతున్న పంట గురించి మాత్రం ఎవరూ రాయరు. ఈ పంటకు కాలువ నీళ్లు అక్కర్లేదు. యూరియా కోసం తెల్లారుజామునే వెళ్లి క్యూలో చెప్పులు పెట్టి రానక్కర్లేదు. తుపానుకు నేలకొరగదు, మార్కెట్ యార్డులో ధర పడదు. ఆదివారమనీ అమావాస్యనీ చూడదు. మనం నిద్రపోతున్నా అది మేలుకుని పెరుగుతూనే ఉంటుంది. చదువుల అప్పు మీద వడ్డీ గురించే నేను చెబుతున్నది.

నేను బ్యాంకులో వ్యవసాయాధికారిగా చేరి, చదువుల అప్పులిచ్చే బల్ల దగ్గర రిటైరయ్యాను. కనుక రెండు సాగుల్లోనూ అనుభవం ఉంది. మొదటి సాగులో అప్పు తీరకపోతే ఎన్నికల ముందు ఎవరో ఒకరు మాఫీ మాట ఎత్తుతారు. రెండోదాంట్లో ఆ బెడద లేదు, నిశ్చింతగా పెంచుకోవచ్చు. "మీరు ఆ పిల్లల చేత కట్టించిన వడ్డీలే ఇప్పుడు మనకు పెన్షనై వస్తున్నాయి" అని మా ఆవిడ దెప్పుతూ ఉంటుంది. ఆ రుణం తీర్చుకోవడానికే ఈ నాలుగు సలహాలు. తు.చ. తప్పకుండా పాటించండి. దిగుబడికి నాది పూచీ.

నేల ఎంపిక

వడ్డీ బాగా పండాలంటే, డబ్బు సంగతి మాట్లాడుకోవడం నామోషీ అనుకునే ఇల్లు కావాలి. కేజీ వంకాయలకు నాలుగు బండ్లు తిరిగి బేరమాడే తండ్రి, నలభై లక్షల అప్పు కాగితం ముందు మాత్రం "మీరు చెప్పారుగా సార్, ఇంక చూసేదేముంది" అనాలి. "అబ్బాయి అమెరికా వెళ్తున్నాడు" అన్న కబురు చుట్టాలందరికీ చేరాలి. "ఎంత వడ్డీకి" అన్నది ఇంట్లో అమ్మకు కూడా చేరకూడదు.

ఇంకో సంగతి. మన ఊళ్లలో వడ్డీని రూపాయల్లో కొలుస్తారు. నూటికి నెలకు రూపాయి అంటే ధర్మవడ్డీ. రూపాయిన్నర అంటే రెండు రోజులు ఆలోచిస్తారు. మూడు రూపాయలు అడిగినవాణ్ని ఊరంతా తిట్టుకుంటుంది. ఈ లెక్క రక్తంలో ఉన్న మనిషిని తీసుకెళ్లి ఏసీ గదిలో కూర్చోబెట్టి, కాఫీ కప్పు చేతికిచ్చి, "పదమూడున్నర శాతం, ఫ్లోటింగ్ అండీ" అనండి. ఓస్ అంతేనా అన్నట్టు తలూపుతాడు. ఏడాదికి 12 శాతమంటే రూపాయి వడ్డీయేననీ, పదమూడున్నర అంటే రూపాయీ పన్నెండు పైసలు దాటిందనీ ఆయనకు తట్టదు. పన్నెండుతో భాగించడం రాక కాదు. శాతం పెద్ద చదువుల భాష అనీ, రూపాయి వడ్డీ అరుగుల మీద భాష అనీ, రెండింటికీ చుట్టరికం లేదనీ ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని చెదరనివ్వకండి. కొడుకో కూతురో "నాన్నా, ఇది రూపాయి పైన వడ్డీ" అన్నారంటే ఇక ఆ నేల చవుడు పడ్డట్టే.

విత్తనం

ఎంత కావాలో లెక్క వేయకండి. ఎంత ఇస్తారో అడగండి. "ఎంతదాకా వస్తుంది సార్?" అన్న ప్రశ్న విన్నప్పుడల్లా నాకు కడుపు నిండినట్టుండేది. ఫీజు, గది అద్దె, విమానం టికెట్టు, ల్యాప్‌టాప్ అన్నీ కూడితే 31 లక్షలు తేలిందనుకోండి, 40 తీసుకోండి. మిగతా తొమ్మిది ఎందుకంటారా? ఉంటాయి, ఏదో ఒకదానికి పనికొస్తాయి. తీసుకున్నాక ఖర్చు పెట్టినా వడ్డీయే, ఊరికే ఉంచుకున్నా వడ్డీయే. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ, "ఇది కూడా ఉంటే మంచిదండీ" అంటూ పక్కనుంచి మెల్లగా జరిపే బీమా పాలసీ ప్రీమియం, అన్నీ అప్పులోనే కలిపేయమనండి. బీమా ప్రీమియానికి కూడా పదేళ్లు వడ్డీ కట్టే యోగం ఎంతమందికి పడుతుంది!

ఎక్కడ తీసుకోవాలి? ప్రభుత్వ బ్యాంకు జోలికి పోకండి. ఈ విషయంలో మావాళ్ల సహకారం మీకు నిండుగా ఉంటుంది. ఏడున్నర లక్షల దాకా తనఖా అడగనక్కర్లేదనీ, ఆ అప్పులకు హామీగా కేంద్రం ఒక గ్యారంటీ నిధి పెట్టిందనీ మా బల్లలన్నింటికీ తెలుసు. అయినా "మేనేజరుగారు లీవులో ఉన్నారు, సోమవారం రండి" అంటాం. సోమవారం వస్తే "ఇల్లేమైనా ఉందా?" అంటాం. మీ నాన్న ఛాతీ విరిచి "నాలుగెకరాల మాగాణి ఉందండీ" అంటాడు. పొలం పనికిరాదంటాం. ఆయన ముఖం చిన్నబోతుంది. వ్యవసాయ భూమికి 2002 నాటి సర్ఫేసీ చట్టం వర్తించదు. అప్పు మొండిబడితే కోర్టు గడప తొక్కకుండా దాన్ని మేం స్వాధీనం చేసుకోలేం. అందుకే రెండు పంటలు పండే మాగాణి కన్నా మంగళగిరిలో రెండు గదుల ఫ్లాటు మాకు ముద్దు. ఈ మాట ఆయనకు చెప్పం. తన పొలంలోనే ఏదో లోపం ఉందనుకుంటూ ఆయన ఇంటికి పోతాడు.

ఇలా రెండు మూడుసార్లు తిప్పేసరికి కాలేజీ గడువు ముంచుకొస్తుంది. అప్పుడు కన్సల్టెన్సీ కుర్రాడు ఒక ఫైనాన్సు కంపెనీవాళ్లను పరిచయం చేస్తాడు. వాళ్లు మీ ఇంటికే వస్తారు, మంచినీళ్లు కూడా వద్దంటారు, నాలుగు రోజుల్లో మంజూరు కాగితం చేతిలో పెడతారు. వడ్డీ రెండు మూడు శాతం ఎక్కువైతే అయింది, మర్యాద చూడండి! అర్జీ ఒక్కచోట పెట్టి పలు బ్యాంకులకు పంపుకోవడానికి 2015 ఆగస్టు 15 నుంచీ విద్యాలక్ష్మి పోర్టల్ ఉంది. దాన్ని తెరిచారంటే నాలుగు చోట్ల వడ్డీ రేట్లు పక్కపక్కన చూడాల్సి వస్తుంది. కళ్లకు శ్రమ.

మొలక దశ

డబ్బు బ్యాంకు గడప దాటిన రోజే విత్తు పడ్డట్టు. మొలక మాత్రం కంటికి కనపడదు. ఆ దశనే మారటోరియం అంటారు. కోర్సు నడిచినన్నాళ్లూ, ఆ పైన మామూలుగా మరో ఏడాదీ మీరేమీ కట్టనక్కర్లేదు. కట్టనక్కర్లేదంటే పెరగదని అర్థం చేసుకోండి. నేను చూసిన తండ్రులు దాదాపు అందరూ అలాగే అర్థం చేసుకున్నారు. వాళ్లను నొప్పించడం ఇష్టం లేక నేనూ సవరించలేదు.

బ్యాంకుల పద్ధతి ప్రకారం ఈ కాలంలో వేసేది బారువడ్డీయే. చూడ్డానికి సాధుజంతువు. బుద్ధిగా ఓ పక్కన కూర్చుంటుంది. గడువు తీరిన రోజున లేచి వచ్చి అసలు ఒళ్లో కూర్చుంటుంది. ఆ రోజు నుంచి వడ్డీకి వడ్డీ.

చిన్న మడిలో వేసి చూద్దాం. ఇక్కడే బీటెక్ చదివే అమ్మాయి. ఏడాదికి లక్షన్నర చొప్పున నాలుగేళ్లకు 6 లక్షలు. వడ్డీ 10 శాతం. చదువయ్యాక ఏడాది గడువు కలుపుకుంటే మొదటి లక్షన్నరకు అయిదేళ్ల వడ్డీ, రెండోదానికి నాలుగేళ్లు, మూడోదానికి మూడు, చివరిదానికి రెండు. వెరసి పద్నాలుగు ఏళ్లు. లక్షన్నర మీద ఏడాదికి 15 వేలు కాబట్టి పద్నాలుగు పదిహేనులు 2 లక్షల 10 వేలు. ఒక్క కిస్తీ కట్టకముందే ఆరు లక్షలు కాస్తా ఎనిమిది లక్షల పది వేలయ్యాయి. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 10,704 రూపాయలు. క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగంలో చేతికి పాతిక వేలు వస్తే, గచ్చిబౌలిలో హాస్టలుకూ బస్సుకూ పోగా ఏం మిగులుతుందో ఆ అమ్మాయి ప్రతి ఒకటో తారీఖునా వేళ్ల మీద లెక్కపెట్టుకుంటుంది.

ఈ పంటను మొలకలోనే చంపేసే మందు ఒకటుంది, జాగ్రత్త. మొదటి ఏడాది ఆ లక్షన్నర మీద వడ్డీ నెలకు 1,250 రూపాయలు. చదువుకునే రోజుల నుంచే, కిస్తీలు మొదలయ్యేదాకా నెలనెలా వడ్డీ కట్టేస్తే చివర్లో అసల్లో కలవడానికి ఏమీ మిగలదు. పైగా అలా కట్టేవాళ్లకు చాలా బ్యాంకులు రేటులో ఒక శాతం తగ్గిస్తాయి. ఆడపిల్లలకు అర శాతం తగ్గించే బ్యాంకులూ ఉన్నాయి. ఇవేవీ అడగకండి. అడగందే మేం చెప్పం. ఆ 1,250 ఇంట్లో లేవా అంటే ఎందుకుండవు? మేనత్త కూతురి ఓణీల ఫంక్షన్లో డ్రోన్ కెమెరాకు ఇచ్చిన డబ్బుతో ఏడాది వడ్డీ తీరేది. కానీ డ్రోన్ లేకపోతే నలుగురూ ఏమనుకుంటారు? వడ్డీ కట్టకపోతే అనుకునేవాళ్లెవరూ లేరు.

సంతకాలు

ఇక్కడ సాగు సంగతి కాసేపు ఆపి, ఒక మధ్యాహ్నం గురించి చెప్పాలి.

ఆటో నడిపే మనిషి. ఆ రోజుకు తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. కూతురికి ఇంజినీరింగ్ సీటు. జేబులో పెట్టుకొచ్చిన పెన్ను రాయలేదు, రెండుసార్లు విదిలించి చూసి సిగ్గుపడ్డాడు. కౌంటరుకు దారంతో కట్టి ఉంచే పెన్ను విప్పి ఇచ్చాను. కాగితాల కట్టలో సంతకం పెట్టాల్సిన చోటల్లా అప్పటికే పెన్సిలుతో ఇంటూ మార్కులు వేసి ఉంచాను. అది నా పనితనం. మార్కులుంటే మనిషి మార్కు దగ్గరకే చూస్తాడు, పైన ఏముందో చూడడు. ఎన్ని చోట్లని అడిగితే "నలభై పైనే ఉంటాయి" అన్నాను. ఆయన ఒక్కో సంతకమూ ఇంటిపేరుతో సహా, కాపీబుక్కులో రాసినట్టు, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని రాశాడు. ఇరవై దాటేసరికి చెయ్యి నొప్పెట్టి అక్షరాలు పక్కకు వాలడం మొదలెట్టాయి. వెనక నిలబడ్డ పిల్ల "నాన్నా, కాసేపాగు" అంది. ఆగలేదు. అంతా అయ్యాక, మధ్యలో ఒక పేజీ వెనక్కి తిప్పి, వేలు పెట్టి చూపించి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఇక్కడ చివరక్షరం గీత కిందికి పోయింది సార్. ఫర్వాలేదా?"

ఫర్వాలేదన్నాను.

సంతకాలు ఇలా పెట్టాలి. గీత మీద దృష్టి ఉండాలి.

చీడపీడలు

ఎంత మంచి పంటకైనా చీడ పట్టే ప్రమాదం ఉంది. వడ్డీకి పట్టే చీడల్లో అన్నింటికన్నా ప్రమాదకరమైనది ప్రభుత్వ రాయితీ. ఇంటి ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపుంటే, దేశంలోనే గుర్తింపు ఉన్న కాలేజీలో సాంకేతిక, వృత్తి విద్య చదివే పిల్లలకు మారటోరియం కాలపు వడ్డీ అంతా కేంద్రమే కట్టే పథకం 2009 నుంచి ఉంది. ఇది చాలదన్నట్టు 2024 నవంబర్ 6న పీఎం విద్యాలక్ష్మికి కేబినెట్ ఆమోదం పడింది. ఎంపిక చేసిన సంస్థల్లో సీటొచ్చి, ఆదాయం 8 లక్షల లోపుంటే, 10 లక్షల దాకా అప్పు మీద మారటోరియం కాలపు వడ్డీ రేటులో 3 శాతం రాయితీ, ఏడాదికి గరిష్ఠంగా లక్ష మందికి ఇస్తారట. ఈ పురుగు చేలోకి రాకుండా ఉండాలంటే మార్గం తేలిక. మీసేవకు వెళ్లి ఆదాయ ధ్రువపత్రం తీసుకోకండి. తీసుకున్నా బ్యాంకులో ఇవ్వకండి. ఇచ్చినా రసీదు అడగకండి. తెల్ల రేషన్ కార్డు కోసం ఎక్కడెక్కడో ఆదాయం తగ్గించి చూపిన మనమే వడ్డీ రాయితీ దగ్గరికొచ్చేసరికి "మనం అంత లేనివాళ్లమా" అంటాం. ఈ సుగుణాన్ని వదులుకోవద్దు.

రెండో చీడ ముందస్తు చెల్లింపు. బోనస్ వచ్చిందనో, అమ్మమ్మ పొలం అమ్మిందనో చేతికొచ్చిన డబ్బుని అసలుకు కట్టేసే దుర్బుద్ధి కొందరికి పుడుతుంది. అలాంటివాళ్లకు "ముందు కడితే ఫైన్ వేస్తారట" అని చెప్పండి. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు అప్పులకు అలాంటి జరిమానా వేయకూడదని రిజర్వ్ బ్యాంకు చెప్పి చాలా ఏళ్లయింది గానీ, మన వదంతి ముందు రిజర్వ్ బ్యాంకెంత? ఆ డబ్బుతో బండి కొనుక్కోమనండి. బండి మీద కూడా అప్పు తీసుకుంటే ఇంకా మంచిది.

మూడోది చదివే జబ్బు. 2024 అక్టోబర్ నుంచి ఇచ్చే అప్పులకు ముఖ్యాంశాల పత్రం అని ఒకటి విడిగా చేతికిస్తున్నారు. ఛార్జీలన్నీ కలుపుకుని ఏడాదికి నికరంగా ఎంత శాతం పడుతుందో దాంట్లో ఒకే అంకెగా రాసి ఉంటుంది. పది నిమిషాల్లో చదివేయొచ్చు, అందుకే అది ప్రమాదం. వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడికి పోతాం. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. లెక్క తప్పకుండా చేతిలో కాగితం మీద గడికో టిక్కు పెట్టుకుంటూ తిరుగుతాం. ఆ శ్రద్ధంతా గుడిలోనే అయిపోవాలి. ముఖ్యాంశాల పత్రం దగ్గరికొచ్చేసరికి ఓపిక మిగలకూడదు.

చదువుల అప్పు మీద కట్టిన వడ్డీ మొత్తాన్నీ ఆదాయపు పన్ను లెక్కలో ఎనిమిదేళ్ల పాటు ఆదాయంలోంచి తీసేసుకోవచ్చన్నది చిన్న పురుగు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే కుడుతుంది. ఏ విధానంలో పన్ను తక్కువ పడుతుందో లెక్క కట్టి చూడకండి. మీరేమీ చెప్పకపోతే ఆఫీసువాళ్లే కొత్త విధానంలో వేసేస్తారు, చేతికి మట్టంటదు.

అంతర పంట

కిస్తీ కట్టలేని నెలలో అప్పిచ్చినవాళ్లకు ఫోన్ చేసి గడువు అడగొద్దు. క్రెడిట్ కార్డు గీకండి, అమ్మ గాజులు కుదువ పెట్టండి, ఫోన్లో రెండు నిమిషాల్లో డబ్బిచ్చే యాప్ ఏదైనా ఉంటే చూడండి. ఒక మడిలో మూడు వడ్డీలు పండుతాయి. కిస్తీ కట్టడం మానేస్తే మాత్రం మీ సిబిల్ స్కోరుతో పాటు, పక్కన సంతకం పెట్టిన మీ నాన్న స్కోరు కూడా పడిపోతుంది. చెల్లెలి పెళ్లికి ఆయన అప్పుకెళ్లినప్పుడు ఆ సంగతి ఎదురుగా కూర్చున్న కొత్త ఆఫీసరు చెబుతాడు. అప్పటిదాకా చెప్పకండి.

కోత

2023–24లో అమెరికాలో చదువుతున్న భారతీయులు 3,31,602 మంది. ఆ ఏడాది చైనాను దాటి మొదటి స్థానంలోకి వచ్చాం. అందులో మన తెలుగువాళ్ల వాటా ఎంతో నేను చెప్పనక్కర్లేదు, ఏ యూనివర్సిటీ పక్క అపార్ట్‌మెంట్లోనైనా ఆదివారం పూట గోంగూర వాసన చెబుతుంది. పెద్ద కోతలన్నీ ఆ చేలల్లోనే.

మా బావమరిది కొడుకు టెక్సాస్‌లో ఎంఎస్ చేశాడు. మొదటి ఏడాది 20 లక్షలు, రెండో ఏడాది 20 లక్షలు తీసుకున్నాడు. 12 శాతం, అంటే అచ్చంగా రూపాయి వడ్డీ. రెండేళ్ల కోర్సు, ఏడాది గడువు. కిస్తీలు మొదలయ్యే నాటికి మొదటి ఇరవై మీద 7 లక్షల 20 వేలు, రెండో ఇరవై మీద 4 లక్షల 80 వేలు, వెరసి 12 లక్షలు పండింది. 40 కాస్తా 52. పదేళ్లకు నెలకు 74,605 రూపాయల కిస్తీ. మంచి ఉద్యోగమే దొరికింది, క్రమం తప్పకుండా కట్టాడు. ఒకరోజు రాత్రి పదకొండున్నరకు ఫోన్ చేశాడు. వాడికి మధ్యాహ్నం భోజనం వేళ.

"మావయ్యా, వీళ్లేదో తప్పు చేశారు. యాప్‌లో బాకీ తప్పు చూపిస్తోంది."

"ఎంత చూపిస్తోంది రా అల్లుడూ?"

"నలభై ఎనిమిది లక్షల అరవై రెండు వేలు. నేను తీసుకున్నదే నలభై కదా. పద్నాలుగు నెలలు ఒక్కటీ తప్పకుండా కట్టాను. పది లక్షల పైనే కట్టాను మావయ్యా."

తప్పేమీ లేదు. వాడు కట్టింది 10 లక్షల 44 వేలు. మొదటి కిస్తీ 74,605లో 52,000 వడ్డీకే పోయింది, అసలుకు చేరింది 22,605. పద్నాలుగు నెలల్లో అసలు తగ్గింది 3 లక్షల 38 వేలు. పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేసిన ఏడుకొండలవాడు ఇప్పటికీ వడ్డీ దగ్గరే ఉన్నాడని మన పెద్దవాళ్లు చెబుతారు. ఆయనకు హుండీ అయినా ఉంది. ఇదంతా వాడికి నిదానంగా చెప్పాను. గడువు చివర అసల్లో కలిసిన ప్రతి లక్షకూ పదేళ్లలో లక్షా డెబ్బై రెండు వేలు కట్టాల్సి వస్తుందని కూడా చెప్పాను. అటువైపు మాట లేదు. మైక్రోవేవ్ ఆగిన చప్పుడు వినిపించింది.

"నాన్నకి చెప్పకు మావయ్యా" అన్నాడు.

అంతకు వారం ముందే వాళ్ల నాన్న మా ఇంటికి వచ్చాడు. పొలం కౌలు డబ్బులు మూడు లక్షలు, వాడు అమెరికా వెళ్లకముందు నుంచీ సేవింగ్స్ ఖాతాలో మూలుగుతున్నాయట. వాడు పెళ్లికి వచ్చినప్పుడు ఖర్చుకుంటాయని దాచాడు. "వాడికి చెప్పకు బావా, తెలిస్తే నీకోసమే వాడుకో అని గొడవ చేస్తాడు" అన్నాడు. ఆ మూడు లక్షలు కిస్తీలు మొదలవకముందే నెలకు పది వేల చొప్పున వడ్డీకి కట్టి ఉంటే, కొడుకు పదేళ్లలో కట్టేదాంట్లో 5 లక్షల 16 వేలు తగ్గేవి. ఆ డబ్బు ఇక్కడ రెండున్నర మూడు శాతం సంపాదిస్తుంటే అక్కడ పన్నెండు శాతం పండుతోంది. ఇద్దరూ ఒకరి కష్టం ఒకరికి తెలియకూడదని నన్ను బతిమాలుకున్నారు. నేల ఎంపికలో నేను చెప్పింది ఇలాంటి ఇంటి గురించే.

అమెరికా సాగు చేసేవాళ్లకు ఒక్క హెచ్చరిక. రెండు అంకెలు ఎప్పుడూ పక్కపక్కన రాయకండి. చదువయ్యాక ఓపీటీ మీద అక్కడ పనిచేయడానికి 12 నెలలు, సైన్సు, ఇంజినీరింగ్ వాళ్లకు మరో 24 నెలలు. మొత్తం మూడేళ్లు. మొదటి పన్నెండు నెలల్లో 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఆ తర్వాత హెచ్1బీ వీసా, దానికి లాటరీ. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన ఉత్తర్వుతో ఆ దేశం బయటున్నవాళ్ల కోసం పెట్టే కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము కూడా వచ్చిపడింది. ఉండనిచ్చేది మూడేళ్లు, అప్పు పదేళ్లు. లాటరీ తగలక హైదరాబాద్ తిరిగొస్తే ఈ జీతంలోంచి నెలకు 74,605 ఎలా కడతారన్న ప్రశ్న ప్రయాణానికి ముందు ఇంట్లో ఎవరైనా లేవదీస్తే, "శుభమా అని బయల్దేరుతుంటే అపశకునం మాటలెందుకు" అని నోరు మూయించండి. మా బావమరిది ఇంట్లో ఆ మాటన్నది నేనే.

ఆ ఆటో ఆయన కూతురు చదువు పూర్తిచేసింది. కిస్తీలు మొదలైన నెలలో ఆయన పాస్‌బుక్కు పట్టుకుని మళ్లీ మా బ్రాంచికి వచ్చాడు. అప్పటికి నాకు రిటైర్మెంటు ఇంకా నాలుగు నెలలుంది. ప్రింటరులోంచి బుక్కు బయటికి రాగానే అంకె చూసి, ఇది మాది కాదేమో సార్, ఇంకెవరిదో కలిసినట్టుందన్నాడు. మీదేనన్నాను. ఎప్పటినుంచి వేశారని అడిగాడు. తేదీ చూసి చెప్పాను. గీత కిందికి పోయిందని ఆయన అడిగిన వారం తర్వాత, కాలేజీకి మొదటి డబ్బు వెళ్లిన రోజు. ఆ మధ్యాహ్నమే చెప్పాల్సిన మాట. దాదాపు అయిదేళ్లు ఆలస్యంగా చెప్పాను, అదీ ఆయన అడిగితే.